లా స్కూల్లో ఏ దారి ఎంచుకోవాలి?



లా చదువు గురించి మాట్లాడమని పిలిచినప్పుడు కొంత సందేహించాను. నేనింకా లాయర్ని కాను. పగలు కోడ్ రాసుకుంటూ, సాయంత్రాలు లా స్కూలుకి వెళ్తున్న మూడో ఏడు విద్యార్థిని. అయితే మన పిల్లలు కొందరు ఇప్పుడు మెడిసిన్, కంప్యూటర్లు దాటి లా వైపు చూస్తున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ స్పెషలైజేషన్ తీసుకుంటే మంచిది?"

ముందు ఒక అపోహ తొలగాలి. అమెరికా లా స్కూల్లో మన ఎం.డి. సీట్లలాగా బ్రాంచీలవారీ సీట్లు ఉండవు. మొదట్లో అందరికీ దాదాపు ఒకే పాఠాలు: కాంట్రాక్టులు, టార్టులు, ఆస్తి చట్టం, సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ లా. చివరికి చేతికొచ్చే జేడీ డిగ్రీ కూడా ఒకటే. ఆ తర్వాత తీసుకునే కోర్సులు, క్లినిక్కులు, వేసవి ఉద్యోగాలే మనల్ని ఒక దారిలో పెడతాయి.

నన్ను అందరూ పేటెంట్లు తీసుకోమన్నారు. కారణం లేకపోలేదు. పేటెంట్ ఆఫీసు పరీక్ష రాయాలంటే సాధారణంగా సైన్సో ఇంజనీరింగో చదివి ఉండాలి. ఒక్క లా చదివితే చాలదు. జీతాలూ బావుంటాయి. మా ఆవిడైతే ఇంటి లోను, లా స్కూలు అప్పు ఒక కాగితం మీద కూడి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

కానీ నాకు లా ఆలోచన పుట్టిందే 2019 జనవరిలో. మిషిగన్‌లో ప్రభుత్వమే నడిపిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో తొలి రోజుల్లోనే 129 మంది భారతీయ విద్యార్థుల్ని పట్టుకున్నారు. వాళ్ళలో మన తెలుగు పిల్లలు ఎందరో. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు కాళ్ళకి రేడియో పట్టీలు వేయించుకున్నదీ మన పిల్లలే. 2019లో ఆ రాత్రుళ్ళు మా వాలంటీర్లకి ఫోన్లు ఆగలేదు. కరీంనగర్ నుంచి ఓ తండ్రి, "బాబూ, మావాడు ఏ కాగితం మీద సంతకం పెట్టాలి, దేని మీద పెట్టకూడదు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. దేశం నుంచి పంపించేసే విచారణ ఇక్కడ సివిల్ కేసు కింద లెక్క. లాయర్ని పెట్టుకునే హక్కు ఉంది, ఖర్చు మాత్రం మనదే.

ఇమ్మిగ్రేషన్ లా అంటే హెచ్-1 ఫారాలు నింపడమే అనుకునేవాణ్ణి. నిరుడు క్లినిక్‌లో చేరాక ఆ భ్రమ పోయింది. అక్కడ ప్రొఫెసర్ పర్యవేక్షణలో విద్యార్థులే నిజమైన కేసులు చూస్తారు. విచారణలన్నీ పగలే కాబట్టి నా వెకేషన్ రోజులన్నీ దానికే పోయాయి! కెంటకీలో పడీలా అనే ట్రక్కు డ్రైవరు సంగతి అక్కడే చదివాను. వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు, గ్రీన్ కార్డుతో 40 ఏళ్ళకు పైగా ఉన్నవాడు. భయం లేదని లాయరు చెబితే గంజాయి కేసులో నేరం ఒప్పుకున్నాడు. దాంతో దేశం నుంచి పంపించేసే పరిస్థితి వచ్చింది. అలాంటి ముప్పుంటే క్లయింటుకి చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. అందుకే ఇటు వచ్చేవాళ్ళు ఇమ్మిగ్రేషన్ ఒక్కటే చదివితే సరిపోదంటాను. క్రిమినల్ ప్రొసీజర్, ఎవిడెన్స్, ఫ్యామిలీ లా కూడా తీసుకోవాలి.

పేటెంట్లు తక్కువవి అనడం లేదు. అప్పు నిజం, ఫ్రిజ్ మీద కాగితం ఇంకా అక్కడే ఉంది. వచ్చే టర్ములో పేటెంట్ లా క్లాసు, రెండో విడత క్లినిక్ ఒకే సాయంత్రం పడ్డాయి. మొన్న శుక్రవారం క్లినిక్‌కే పేరిచ్చాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఆవిడ ఇవాళ వెనక వరసలోనే కూర్చుంది కాబట్టి ఇప్పుడు తెలిసిపోయింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.