డీజీపీ ఎవరన్నది కాదు, ఎలా వచ్చారన్నదే ప్రశ్న

(మైనారిటీ హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రానికి కొత్త పోలీసు అధిపతి వస్తున్నారన్న వార్త వెలువడిన ప్రతిసారీ మన బస్తీల్లో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "ఆయన మనవాళ్ల పట్ల ఎలా ఉంటారు?" మరునాటికి మన పెద్దలు కొందరు శాలువా, పూలగుచ్ఛం తీసుకొని ఆ కార్యాలయానికి వెళతారు. పత్రికల్లో ఫొటో వస్తుంది. అక్కడితో మన కర్తవ్యం ముగిసిందనుకుంటాం.

ఆ ప్రశ్న సహజమైనదే. పోలీసుల వల్ల నష్టపోయిన సమాజం పోలీసు అధిపతి స్వభావాన్ని ఆరా తీయకుండా ఉండలేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది మరణించారు. ఆ తరువాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆపైన మన యువకులనే పట్టుకుపోయి నిర్బంధించారు. వారు న్యాయస్థానంలో నిర్దోషులుగా బయటపడ్డారు. అయితే జైలులో గడిచిన కాలాన్ని ఏ తీర్పూ తిరిగి ఇవ్వలేదు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువెళుతున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు వద్ద పోలీసు కాల్పుల్లో హతులయ్యారు. వారి చేతులకు బేడీలు ఉన్న చిత్రాలను దేశమంతా చూసింది.

ఇంతటి అనుభవం ఉన్నవారు మంచి అధికారి రావాలని కోరుకోవడంలో తప్పులేదు. కానీ ఒక వ్యక్తి మంచితనం మీద నిలిచిన భద్రత ఆయన బదిలీ ఉత్తర్వుతోనే ముగిసిపోతుంది. కనుక మనం అడగవలసిన ప్రశ్న వేరు: ఆయనను ఎవరు, ఏ పద్ధతిలో ఎంపిక చేశారు? ఎంతకాలం ఉంటారు? తప్పు జరిగితే ఎవరికి జవాబు చెబుతారు?

మన పోలీసు వ్యవస్థ ఏ చట్టాలపై నడుస్తున్నదో చూడండి. ఆంధ్ర జిల్లాలకు 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం మూలం. తెలంగాణ జిల్లాలకు నిజాం కాలపు 1329 ఫస్లీ చట్టం, హైదరాబాద్ నగరానికి 1348 ఫస్లీ చట్టం. ఒకటి కంపెనీ పాలన ముగిసిన మరుసటి ఏడాది వచ్చింది, తక్కినవి రాచరికంలో వచ్చాయి. పాలకుడి మాట ప్రజల చేత పాటింపజేయడం వాటి లక్ష్యం. ప్రజలకు జవాబు చెప్పే పోలీసు అనే భావన వాటిలో వెతికినా దొరకదు.

ఈ లోటును పూడ్చే ప్రయత్నం సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న చేసింది. మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ తదితరులు 1996లో వేసిన వ్యాజ్యంలో ఏడు ఆదేశాలిచ్చింది. యూపీఎస్సీ ఎంపిక చేసిన ముగ్గురు సీనియర్ అధికారుల జాబితా నుంచే రాష్ట్ర ప్రభుత్వం డీజీపీని నియమించాలి. పదవీ విరమణ తేదీతో నిమిత్తం లేకుండా ఆయనకు కనీసం రెండేళ్ల గడువు ఉండాలి. ఎస్పీలకూ, స్టేషన్ అధికారులకూ కనీసం రెండేళ్లు ఉండాలి. డీఎస్పీ, అంతకన్నా దిగువ అధికారుల బదిలీలను పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు నిర్ణయించాలి. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో, జిల్లాల్లో ప్రత్యేక ప్రాధికార సంస్థలు ఉండాలి.

ఆచరణ ఏమైంది? తీర్పు అమలును పరిశీలించిన జస్టిస్ కె.టి. థామస్ కమిటీ రాష్ట్రాల ఉదాసీనతను చూసి విచారం వ్యక్తం చేసింది. తాత్కాలిక డీజీపీలను నియమించరాదనీ, ఖాళీ ఏర్పడటానికి మూడు నెలల ముందే ప్రతిపాదనలు పంపాలనీ 2018 జూలైలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పవలసి వచ్చింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఫిబ్రవరిలో, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరులో డీజీపీ పదవిని "పూర్తి అదనపు బాధ్యతలు" అన్న పేరుతోనే అప్పగించారు. 2022 డిసెంబరు చివరి నుంచి 2025 అక్టోబరు వరకు, మూడేళ్లు నిండకుండానే, తెలంగాణలో నలుగురు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఈ మాట ఆ అధికారులను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. రేపు ఉంటానో లేదో తెలియని అధికారి, తప్పు చేసిన కిందివాడి మీద చర్య తీసుకోవాలన్నా, పై నుంచి వచ్చిన ఫోనుకు కాదని చెప్పాలన్నా దేని బలంతో నిలబడగలడు?

దీనికి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోని అంశం. యూపీఎస్సీ కమిటీలో కేంద్ర హోం కార్యదర్శి కూర్చుంటారు కనుక ఇది రాష్ట్రాల హక్కులో జోక్యమని కొన్ని ప్రభుత్వాలు వాదిస్తాయి. ఉత్తరప్రదేశ్ 2024లో రిటైర్డ్ హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన తన సొంత ఎంపిక కమిటీకి నియమావళి చేసుకున్నది. ఆ వాదనలో కొంత బలముంది. అయితే కమిటీ ఢిల్లీలో ఉన్నా, రాజధానిలో ఉన్నా మన కోరిక ఒకటే. నియమాలు ముందుగా ప్రకటితమై ఉండాలి. ఎంపిక ముఖ్యమంత్రి ఒక్కరి ఇష్టం కాకూడదు. గడువు కాగితం మీదనే మిగలకూడదు.

మరి "మనవాడు" వస్తే చాలదా? ఆ ఆశనూ పరిశీలిద్దాం. తీర్పు వచ్చిన 2006లోనే సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ఐపీఎస్‌లో ముస్లింలు 4 శాతమేనని అది తేల్చింది. ఆ సంఖ్య పెరగాలి, తప్పక పెరగాలి. కానీ పై కుర్చీలో ఒక్క ముస్లిం ఉన్నంత మాత్రాన స్టేషన్ గదిలోని లాఠీ ఆగదు. స్టేషన్‌లోనే మనవాళ్లు ఉండటం అంతకన్నా అవసరం. బీసీ-ఈ కింద 2007 నుంచి ఉన్న 4 శాతం రిజర్వేషన్ కానిస్టేబుల్, ఎస్సై ఉద్యోగాలకూ వర్తిస్తుంది. మన పిల్లలను మైదానానికి, పరీక్ష గదికి పంపే పని మనదే.

ఇక చేయగలిగినవి మూడు చెబుతాను. మొదటిది, డీజీపీ విరమణకు మూడు నెలల ముందే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి: యూపీఎస్సీకి ప్రతిపాదన వెళ్లిందా, ఏ తేదీన వెళ్లిందని అడగండి. రెండవది, మీ జిల్లాలో పోలీసు ఫిర్యాదుల సంస్థ ఉందో లేదో లిఖితపూర్వకంగా అడగండి. లేదంటే ఆ జవాబునే న్యాయపోరాటానికి ఆధారంగా చేసుకోవచ్చు. మూడవది, ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలుండాలనీ, దృశ్యాలను 18 నెలలు భద్రపరచాలనీ సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. మీ బిడ్డకు లాకప్‌లో దెబ్బ తగిలితే ఆ దృశ్యాలను తెప్పించమని మానవ హక్కుల కమిషన్‌ను వెంటనే కోరండి. ఆలస్యం చేయకండి.

1987లో హాషింపురాలో మనవాళ్లను చంపిన పీఏసీ సిబ్బందికి శిక్ష పడేసరికి 2018 అయింది. ముప్పై ఒక్క ఏళ్లు! బిడ్డల కోసం ఎదురుచూసిన తల్లిదండ్రులు ఎందరు ఈలోగా కన్నుమూశారో! న్యాయం ఇంత ఆలస్యం కావడానికి కారణం చెడ్డ అధికారులు మాత్రమే కాదు, వారిని అడగవలసిన వ్యవస్థ లేకపోవడం కూడా.

పదవి ఒక అమానత్ అని మనం పిల్లలకు నేర్పుతాం. అమానత్‌ను ఎవరి చేతిలో పెడుతున్నారో అడిగే హక్కు దాని యజమానులకు ఉంటుంది. ఈ రాష్ట్రంలో ఆ యజమానులు ప్రజలు. ఆ ప్రజల్లో మనమూ ఉన్నాం. ఈసారి కొత్త డీజీపీని కలవడానికి వెళ్లినప్పుడు పూలగుచ్ఛంతోపాటు ఈ ప్రశ్నలు రాసిన వినతిపత్రాన్ని కూడా తీసుకువెళ్లండి. దానికి రసీదు అడిగి తీసుకోండి.

వస్సలాం.