బూజు గింజ ఎవరి పాలు?



మన తుని మెట్టలో వేరుశెనగ వేయువారున్నారు గనుక ఈ సంగతి మాట్లాడుకొందము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైబడి టర్కీ కోళ్లు చచ్చిపోగా, కారణము దాణాలోని వేరుశెనగ చెక్క అని తేలినది. దానికి పట్టిన బూజు విషమే అఫ్లాటాక్సిన్. అది కాలేయమును చెరచును. వండినను, వేయించినను పూర్తిగా పోదు. 1974లో గుజరాత్, రాజస్థాన్ గిరిజన గ్రామాలలో వానకు తడిసి బూజెక్కిన మొక్కజొన్న తిని 100 మందికి పైగా మరణించిరి. 2004లో కెన్యాలోనూ మొక్కజొన్నతోనే 317 మంది జబ్బుపడగా 125 మంది పోయిరి. బీదలకు వేరే తిండి ఏది?

పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఈ విషమును తక్కువ ఖర్చుతో కనిపెట్టు పరీక్షను రూపొందించి, ఆఫ్రికాలో మలావీ రైతులకును అందించిరి. అయితే పరీక్ష విషమును చూపును గాని ఆపదు. ఆపవలసినది కళ్లములోనే. పీకిన చెట్లను కాయలు పైకి వచ్చునట్లు తిరగవేసి ఆరబెట్టవలెను. ఊపితే గింజ గలగలలాడువరకు కాయను ఎండబెట్టవలెను. ఒలుపు సుళువని కాయలపై నీళ్లు చల్లరాదు (తూకము పెరుగునన్న ఆశ కూడ అందులో లేకపోలేదు!).

ఇక ఏరివేసిన ముడత గింజలు, బూజు గింజలు ఎక్కడికి పోవుచున్నవి? మంచివి బజారుకు, చెడ్డవి కూలి తల్లుల కొంగులోనికి, కోళ్ల దాణాలోనికి. మలావీలోనూ ఎగుమతికి పనికిరానివి స్థానిక సంతకే చేరినవి. బోయజు రూతు కొరకు విడిపించినవి మంచి పనలే గదా! ఈ కోతకు మన సంఘస్థులు బూజు గింజలను ఎవరికిని ఇయ్యక, పశువులకు సహితము పెట్టక, గొయ్యి తీసి పాతిపెట్టవలెనని కోరుచున్నాము.