మెడ దెబ్బకు తగిన పరిహారం

వెనక నుంచి మరో బండి గుద్దితే కారులో ఉన్నవాళ్ల తల ఒక్కసారిగా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. రక్తం కారకపోవచ్చు, ఎముక విరగకపోవచ్చు. మెడ పట్టేసిన సంగతి ఒక్కోసారి మర్నాటికిగాని తెలియదు. ఈలోగా "ఏం కాలేదులెండి" అని రోడ్డు మీదే రాజీపడి వెళ్లిపోతారు చాలామంది. చిక్కంతా అక్కడే. నొప్పి తెలిసిన వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రమాదం వల్లే వచ్చిందని చీటీలో రాయించుకోండి. పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్.ఐ.ఆర్. నకలు తీసుకోండి.

పరిహారం నిర్ణయించేది మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్. ప్రమాదం వేరే జిల్లాలో జరిగినా, మీరుండే చోటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన చట్ట సవరణ ఈ దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెట్టింది.

మందుల బిల్లులు, పోయిన జీతం, పడిన బాధ అన్నీ లెక్కలోకి వస్తాయి. అసలు వాదన వైకల్యం దగ్గరే. వైకల్య సర్టిఫికెట్‌లోని శాతాన్నే సంపాదన నష్టంగా తీసుకోకూడదని, ఆ మనిషి చేసే పనిని చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెడ తిప్పలేని లారీ డ్రైవరుకు పోయేది బతుకుతెరువే. గుమాస్తా అయితే ఎలాగో నెట్టుకురాగలడు. న్యాయమైన లెక్కంటే ఇదేనని నా అభిప్రాయం. ఆ సర్టిఫికెట్ కూడా ఒంటరిగా నిలవదు, పరీక్షించిన డాక్టరు సాక్ష్యం చెప్పాలి.

బీమా కంపెనీ రాజీకి పిలిస్తే, చికిత్స పూర్తికాకముందే సంతకం పెట్టకండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి.