పన్ను మనది, పద్దు ఎవరిది?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో పిల్లల చదువుల గురించో, పెళ్లిళ్లలో దుబారా గురించో మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఈసారి కార్యవర్గం వారు మాకు వేరే పని అప్పగించారు. శాసనసభ, పన్నులు, స్థానిక ఎన్నికలు — ఈ మూడింటి సంగతి మనవాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పమన్నారు. ముందే మనవి చేసుకుంటున్నాం: మేము ఏ జెండాకూ వకాలతు పుచ్చుకొని రాలేదు. ఓటు ఎవరికి వెయ్యాలో చెప్పడం మా పని కాదు. ఓటుతో వచ్చేదేమిటో, పోయేదేమిటో చెప్పడమే మా పని.

మనలో చాలామంది “మాకు పన్నేమిటి సాబ్, ఇన్‌కం టాక్సు కట్టేంత కమాయి ఎక్కడిది?” అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా మాకు ఆశ్చర్యం వేస్తుంది. ఆటో నడిపే తమ్ముడు రోజూ పెట్రోలు పోయిస్తాడు. పెట్రోలు, డీజిలు జి.ఎస్.టి.లో లేవు, వాటి మీద రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. ఢిల్లీ వారి సుంకం దానికి అదనం. కొట్లో సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా జి.ఎస్.టి. ధరలోనే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ పన్ను శ్లాబులు తగ్గించి ముఖ్యంగా 5, 18 శాతాలకు తెచ్చారు. తగ్గినా పోలేదు గదా! కంపెనీలో ఇరవై వేలకు పైబడి జీతం తీసుకునే పిల్లవాడికి నెలకు 200 రూపాయల వృత్తి పన్ను జీతంలోనే కోసేస్తారు. ఒక్క మద్యం పన్నే మనం కట్టనిది — కట్టేవాళ్లు మనలో ఎవరూ లేరని నమ్ముదాం!

ఇన్ని దారుల్లో పోయిన డబ్బు ఎక్కడికి పోతుంది? కేంద్రం వసూలు చేసే పన్నుల్లో పంచుకోదగిన భాగం నుంచి 41 శాతం రాష్ట్రాలన్నిటికీ కలిపి ఇవ్వాలని పదిహేనవ ఆర్థిక సంఘం చెప్పింది. ఆ సంఘం లెక్కలో తెలంగాణ వంతు నూటికి 2.102గా ఉండింది, అంతకు ముందు సంఘం ఇచ్చిన 2.437 కంటే తక్కువ. శాసనసభలో ఈ లెక్క మీద ఏ ప్రభుత్వమున్నా వాదన జరుగుతూనే ఉంటుంది, జరగవలసిందే. 2025 మార్చి 19న ఆర్థిక మంత్రి భట్టి విక్రమార్క గారు సభలో పెట్టిన బడ్జెట్టు 3,04,965 కోట్లు. ఆ అంకె పలకడానికే మనకు నోరు తిరగదు. అయితే ఆ పుస్తకంలో పేజీలన్నీ తిరగేసినా మన గల్లీలో మోరీ ఎక్కడా కనబడదు. మోరీ, నల్లా, వీధి దీపం, కచ్రా బండి, ఖబరస్తాన్ దారి — ఇవి వేరే పుస్తకంలో ఉంటాయి. దాన్ని రాసేది పంచాయతీ, మండల పరిషత్తు, మునిసిపాలిటీ. టీవీ ముందు కూర్చొని శాసనసభలో ఎవరు ఎవరిని ఏమన్నారో మనవాళ్లు గుక్క తిప్పుకోకుండా చెప్తారు. తమ వార్డులో పోయిన సంవత్సరం ఎంత పన్ను వసూలైందో, ఎంత ఖర్చయిందో అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు.

ఈ స్థానిక పాలన మన గడ్డకు కొత్త కాదు. 1959లో జవహర్‌లాల్ నెహ్రూ గారు ఈ రాష్ట్రంలో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించింది మన పక్కనున్న షాద్‌నగర్‌లోనే. ఉప ముఖ్యమంత్రిగా పనిచేసిన కొండా వెంకట రంగారెడ్డి గారిది మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారం. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అంతకు పూర్వం నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేది. అంటే అక్కడి శిస్తు నవాబు గారి సొంత ఖర్చులకు. రైతు కట్టడమే గాని లెక్క అడిగే హక్కు లేదు. ఆ హక్కు వచ్చిందని సంతోషించాం. కాని హక్కు రావడం వేరు, అది చేతిలో నిలవడం వేరు. 1970లో పంచాయతీ ఎన్నికలు జరిగాక మళ్లీ 1981 దాకా జరగలేదు. పదకొండేళ్లు! 1984లో పటేల్ పట్వారీలు పోయారు, 1985లో మండలాలు వచ్చాయి, 1993లో రాజ్యాంగానికి 73వ సవరణ అమల్లోకి వచ్చి అయిదేళ్లకోసారి ఎన్నిక తప్పనిసరి అయింది. అయినా ఏమైంది? 2011 నుంచి 2013 దాకా పంచాయతీల్లో స్పెషలాఫీసర్లే. 2019 జనవరిలో ఎన్నికైన సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరిపోతే, మళ్లీ ఓట్లు పడింది 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో. మండల, జిల్లా పరిషత్తుల సభ్యుల గడువు 2024 జూలైలోనే ముగిసింది.

ఎన్నిక ఆలస్యమైతే మనకేం నష్టం, ఆఫీసర్లు చదువుకున్నవాళ్లే గదా అని ఒక మిత్రుడు అన్నాడు. నష్టం ఉంది, అది రూపాయల్లోనే ఉంది. ఆర్థిక సంఘం గ్రామాలకిచ్చే గ్రాంటు ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే విడుదలవుతుంది. 2024 తర్వాత తెలంగాణ పంచాయతీలకు ఆ డబ్బు నిలిచిపోయింది అందుకే. అప్పటి ఆ గ్రాంటులో నూటికి అరవై వంతులు తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడి ఉండేది. అంటే పల్లెలో నల్లా పైపు పగిలితే మరమ్మతుకు ఉండవలసిన డబ్బు! మనం కట్టిన పన్నే ఢిల్లీకి పోయి, తిరిగి వచ్చే దారిలో మన వాకిలి దాకా వచ్చి ఆగిపోయిందన్నమాట. ఇంతకాలం ఎన్నిక ఎందుకు జరగలేదన్నది వేరే కథ. వెనుకబడిన తరగతులకు 42 శాతం ఇవ్వాలని శాసనసభ 2025 మార్చిలో బిల్లులు ఆమోదించింది. సెప్టెంబరు 26న జీవో వచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు దాన్ని నిలిపివేసింది. చివరికి మొత్తం రిజర్వేషన్లు యాభై శాతం దాటకుండా పంచాయతీ ఎన్నికలు జరిపారు. ఆ వాదంలో న్యాయం ఎంతో మనలో ఎవరి అభిప్రాయం వారికుంటుంది. మా దృష్టిలో మాత్రం రిజర్వేషను పంచాయితీ తెగేదాకా ఊరు దాహంతో ఉండవలసిన పని లేదు.

ఇక మన సొంత ఊళ్ల మాట. 2025లో చేవెళ్ల, మొయినాబాద్ రెండూ మునిసిపాలిటీలయ్యాయి. పంచాయతీ పోయి పురపాలక సంఘం వచ్చింది. సర్పంచ్ స్థానంలో వార్డు కౌన్సిలర్, పైన చైర్మన్. బోర్డు మారితే బతుకు మారిందని కొందరు సంబరపడ్డారు, పన్ను పెరుగుతుందని కొందరు భయపడ్డారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. గ్రామీణ ఉపాధి పని పట్టణ పరిధిలో ఉండదు. మట్టిపనికి పోయే మన అక్కచెల్లెళ్లకు ఇది చిన్న దెబ్బ కాదు. ఇంటి పన్ను సంగతి చూస్తే, 2019 మునిసిపల్ చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో గ్రౌండు, దాని మీద ఒక అంతస్తు దాకా కట్టుకున్న ఇంటికి సంవత్సరానికి 100 రూపాయలే పన్ను. మనవాళ్ల ఇళ్లు ఎన్నో ఈ కొలతలో వస్తాయి. కాని ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది? ఒక విధవరాలి రేకుల ఇంటిని ఒక ఆఫీసు కాగితాల్లో దుకాణం కింద రాసి ఉండగా మేము చూశాం. ఆమె అడగలేదు కాబట్టి వాళ్లు దిద్దలేదు. అడిగాక దిద్దారు, నాలుగుసార్లు తిప్పించుకొని. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి: ఇంటి పన్ను రశీదు ఉంటే ఇల్లు మనదే అయిపోయిందనుకోవద్దు. రశీదు పన్ను కట్టినందుకు సాక్ష్యం, హక్కుకు పత్రం కాదు. అన్నదమ్ముల మధ్య తగాదా వచ్చినప్పుడు ఈ భ్రమ ఎన్ని ఇళ్లను ముంచిందో పెద్దలకు తెలుసు.

అసలు పెద్ద డబ్బు ఇంటి పన్నులో లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉంది. 2021 నుంచి స్థిరాస్తి అమ్మకం మీద తీసుకునే 7.5 శాతంలో ఒకటిన్నర శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ. అది స్థానిక సంస్థకు చెందవలసిన డబ్బు. యాభై లక్షల ఆస్తి చేతులు మారితే డెబ్బై అయిదు వేలు. నగరం అంచున ఉన్న మన వైపు భూముల బేరాలు ఎట్లా నడుస్తున్నాయో మీకు వేరే చెప్పాలా? మన తాతలు వందల్లో అమ్ముకున్న చెలకలు ఇవ్వాళ కోట్లలో తిరుగుతున్నాయి. ఆ ఒకటిన్నర శాతం ఎంత వచ్చింది, ఖజానా నుంచి మన సంస్థ ఖాతాకు ఎప్పుడు జమ అయింది — ఈ ఒక్క ప్రశ్న ప్రతి కౌన్సిల్ మీటింగులో అడిగే మనిషి ఒక్కడుంటే చాలు, మొయినాబాద్ రూపు మారుతుంది.

మొయినాబాద్ అన్నాక 111 జీవో రాకుండా పోదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడటానికి 1996 మార్చి 8న ఇచ్చిన ఆ ఉత్తర్వు పది కిలోమీటర్ల చుట్టూ 84 గ్రామాల్లో లే-అవుట్లను, కాలుష్య పరిశ్రమలను కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు, దాని మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. చెరువులు బతకాలనే మేమూ కోరుకుంటాం. ఆ నీళ్లు తాగి పెరిగిన నగరమిది. కాని చిన్న రైతు తన ఎకరంలో కొడుక్కి రెండు గదులు వేసుకోలేక బిక్కుబిక్కుమన్న ఆ ఇరవై ఆరేళ్లలోనే పెద్దల ఫాంహౌసుల ప్రహరీలు కిలోమీటర్ల కొద్దీ లేచాయి గదా! ఆ ప్రహరీల లోపలి కట్టడాలకు పన్ను ఏ లెక్కన వేశారు? ఇది అసెంబ్లీలో తేలే ప్రశ్న కాదు, పన్ను రిజిస్టరు ముందు పెట్టుకొని వార్డులో అడగవలసిన ప్రశ్న.

అడిగేదెవరు? ఇక్కడికి వచ్చాక మనవాళ్లు సాధారణంగా “మనకు సీటెవరిస్తారు?” అని నిట్టూరుస్తారు. చేవెళ్ల శాసనసభ స్థానం 2009 ఎన్నిక నుంచి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. అక్కడ మనం ఓటర్లమే గాని అభ్యర్థులం కాలేం. ఆ స్థానం ఆ సోదరులకు న్యాయంగా దక్కినది, దాని మీద మనకు ఫిర్యాదు లేదు. అందుకే మనకు వార్డు మరింత ముఖ్యం. పోటీకి 21 ఏళ్లు నిండితే చాలు. స్థానాల్లో సగం ఆడవాళ్లవి. బి.సి. రిజర్వు స్థానంలో 2007 చట్టం కింద బి.సి.-ఇ జాబితాలో ఉన్నవారు పోటీ చేయవచ్చు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటివారు ఆ జాబితాలో లేరు, వారు జనరల్ స్థానంలోనే నిలవాలి. నామినేషన్ నాటికి సర్టిఫికెట్ కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ పరుగెత్తే బదులు ఇప్పుడే తెచ్చుకోండి. మండల పరిషత్తులో ఒకరు, జిల్లా పరిషత్తులో ఇద్దరు మైనారిటీల నుంచి కో-ఆప్షన్ సభ్యులుగా ఉంటారు. ఆ పదవిని దండలు వేయించుకోవడానికి వాడినవాళ్లను చూశాం, నోరు విప్పి పని చేయించినవాళ్లను తక్కువ చూశాం.

ఇంకొక అపోహ. 1994 చట్టం ప్రకారం 1995 మే తర్వాత మూడో బిడ్డ పుట్టినవాళ్లు పోటీకి అనర్హులు. ఇటువంటి నిబంధనను హర్యానా కేసులో జావేద్ అనే ఆయన సవాలు చేస్తే సుప్రీంకోర్టు 2003లో సమర్థించింది. దీనితో మనలోనే కాదు, అన్ని కులాల్లోనూ ఎందరో అర్హులు వెనక్కి తగ్గారు. పంచాయతీ ఎన్నికలకు ఆ నిబంధనను తెలంగాణలో 2025లో తీసేశారు. “మాకు ముగ్గురు పిల్లలు సాబ్” అని ఇప్పటికీ తప్పుకుంటున్నవాళ్లు పల్లెల్లో ఉన్నారు, వారికి ఈ కబురు అందించండి.

ఒక్క ఓటుతో ఏమవుతుందనేవారికి ఒకే అంకె చెప్తాం. 2023లో చేవెళ్ల శాసనసభ స్థానం తేలింది 268 ఓట్ల తేడాతో. శుక్రవారం నమాజుకు ఒక్క మసీదులో అంతకంటే ఎక్కువ మంది నిలబడతారు. శాసనసభ ఎన్నికే అంత దగ్గరగా తేలితే, కొన్ని వందల ఓట్ల వార్డు మాట చెప్పాలా? అక్కడ ఓడేదీ గెలిచేదీ రెండు ఇళ్ల వాళ్లు ఊళ్లో ఉన్నారా, పెళ్లికి పోయారా అన్న దాని మీదే!

మరి జాబితా సంగతి. స్థానిక ఎన్నికల ఓటర్ల జాబితా శాసనసభ జాబితా నుంచే వార్డులవారీగా తీస్తారు. మనవాళ్ల జాబితాలు చూస్తే గతించిన నానా పేరు ఉంటుంది, మూడేళ్ల కింద వచ్చిన కోడలి పేరుండదు. ఒకే ఇంట్లో తల్లి ఒక వార్డులో, కొడుకు మరో వార్డులో. కొత్త పేరుకు ఫారం 6, గతించినవారి పేరు తీయడానికి ఫారం 7, తప్పులు దిద్దడానికి, ఇల్లు మారినదానికి ఫారం 8. ఇప్పుడు ఏడాదిలో జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తాయి కాబట్టి పద్దెనిమిది నిండిన పిల్లలు ఏడాదంతా ఆగనక్కర్లేదు.

కార్యవర్గం తరఫున ఒక ఏర్పాటు చేశాం. వచ్చే నాలుగు ఆదివారాలు జొహర్ నమాజు తర్వాత మన సొసైటీ ఆఫీసులో ఇద్దరు చదువుకున్న పిల్లలు, ఆడవాళ్ల కోసం ఒక టీచరమ్మ కూర్చుంటారు. వచ్చేటప్పుడు ఇంటి పన్ను డిమాండు నోటీసు, పాత రశీదు, ఆధార్ కార్డు, ఒక ఫోటో తెచ్చుకోండి. ఇంటి కొలత తప్పుగా ఉన్నవాళ్లు గజాలు కొలుచుకొని కాగితం మీద రాసుకొని రండి. కులమతాలతో పని లేదు, పక్కింటివాళ్లను కూడా పిలుచుకురండి. ఫారాలకు డబ్బు లేదు. చాయ్ ఖర్చు సొసైటీదే.