రెండు వారాల ఫారిన్ కోర్సుకి నాన్న అప్పు చేయాలా?

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల చేస్తున్నా. మా ఉయ్యూరు పక్క ఊరి అమ్మాయి, బీఎస్సీ సెకండియర్. "అన్నా, బాలిలో రెండు వారాల ట్రాపికల్ ఎకాలజీ కోర్సంట. మొత్తం రెండు లక్షల దాకా అవుద్దంట, సర్టిఫికెట్ ఇస్తారంట. చెరకు డబ్బులు చాలకపోతే నాన్న అప్పు తెస్తానంటున్నారు. వెళ్లనా?"

జవాబు ముందే చెప్పేస్తా. ఈ కోర్సుకి అప్పు వద్దమ్మా. అలాగని ఇలాంటి కోర్సులన్నీ వేస్ట్ అని నేననను. మంచిది ఒక్కటి దొరికితే జీవితమే మారిపోతుంది. తేడా ఎక్కడుందో చూద్దాం.

ట్రాపిక్స్ అంటే భూమధ్యరేఖకి అటూ ఇటూ ఇరవైమూడున్నర డిగ్రీల లోపు ఉండే ప్రాంతం. ఉయ్యూరు దాదాపు 16 డిగ్రీల దగ్గర ఉంది. అంటే మనం పుట్టిందే ట్రాపిక్స్‌లో. మే నెల మధ్యాహ్నం మా బస్టాండులో నిలబడ్డవాళ్లకి దీనికి ప్రూఫ్ అక్కర్లేదు.

మరి ఈ కోర్సులు ఎవరి కోసం మొదలయ్యాయి? ఎక్కువగా చలి దేశాల స్టూడెంట్స్ కోసం. పుస్తకంలో తప్ప వర్షారణ్యం చూడని పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి నేర్పించాలని 1963లో కొన్ని అమెరికా యూనివర్సిటీలు, కోస్టారికా యూనివర్సిటీ కలిసి ఆర్గనైజేషన్ ఫర్ ట్రాపికల్ స్టడీస్ అని పెట్టాయి. అందరూ ఓటీఎస్ అంటారు. వాళ్ల లా సెల్వా స్టేషన్ దగ్గర దగ్గర నాలుగు వేల ఎకరాల అడవి. అక్కడ ఏడాదికి సుమారు 4,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన కృష్ణా జిల్లాలో సుమారు వెయ్యి. అంటే మన నాలుగేళ్ల వాన అక్కడ ఒక్క ఏడాదిలో!

అక్కడ చదువు ఎలా ఉంటుందంటే, పొద్దున్నే సారు ఒక ప్రశ్న ఇస్తారు. ఈ ఆకుల్ని పురుగులు ఎండలో ఎక్కువ తింటున్నాయా, నీడలోనా? అంతే. పగలంతా అడవిలో లెక్కపెట్టాలి, రాత్రి కూర్చుని ఆ నంబర్లు విశ్లేషించాలి, అందరి ముందూ చెప్పాలి. తప్పయితే అక్కడే పట్టుకుంటారు. కోర్సు చివరికొచ్చేసరికి ప్రశ్న కూడా స్టూడెంటే వేసుకుని సొంత ప్రాజెక్టు చేయాలి. కోడ్ రాసిన మాలాంటోళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. వంద ట్యుటోరియల్స్ చూడ్డం వేరు, ఒక్క బగ్ సొంతంగా పట్టుకోవడం వేరు.

డేనియల్ జాన్జెన్ అని ఒక అమెరికన్ ఉన్నారు. 1963లో కోస్టారికాలో రెండు నెలల ఫీల్డ్ కోర్సుకి స్టూడెంట్‌గా వెళ్లారు. 1965లో అదే కోర్సుకి పాఠం చెప్పడానికి తిరిగొచ్చారు. మన తుమ్మకి చుట్టమైన ఒక ముళ్ల చెట్టు ఉంది, దాని డొల్ల ముళ్లలో చీమలు కాపురం ఉంటాయి. చెట్టు వాటికి తిండి పెడితే అవి చెట్టుకి కాపలా కాస్తాయి. ఆయనకి పేరు తెచ్చిన పని అదే. తర్వాత జీవితమంతా కోస్టారికా అడవులకే ఇచ్చేశారు. రెండు నెలలు చాలు, కానీ ఆ రెండు నెలల్లో పని జరగాలి.

ఇప్పుడు మన బాలి ప్యాకేజీ బ్రోచర్‌కి వద్దాం. ఆ అమ్మాయి పంపింది, చదివాను. పద్నాలుగు రోజుల్లో గుడులు, బీచ్, షాపింగ్, ఫేర్‌వెల్ డిన్నర్ తీసేస్తే ఫీల్డ్‌వర్క్ నాలుగు రోజులు. నేర్పే మనిషి పేరు ఎక్కడా లేదు! టూర్‌గా వెళ్తే హ్యాపీగా వెళ్లండి, టూర్ రేటు కట్టండి. చదువు అని పేరు పెట్టి చదువు రేటు తీసుకోవడం దగ్గరే నాకు మండుతుంది.

కాబట్టి డబ్బు కట్టేముందు అడగాలి. క్రెడిట్స్ ఎవరిస్తారు? "ఇంటర్నేషనల్ సర్టిఫికెట్" అంటే క్రెడిట్ కాదు. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం ట్విన్నింగ్ ప్రోగ్రామ్‌లో విదేశీ యూనివర్సిటీ నుంచి 30 శాతం వరకు క్రెడిట్స్ తెచ్చుకోవచ్చు, కానీ మీ కాలేజీకి, ఆ యూనివర్సిటీకి ముందే ఒప్పందం ఉండాలి. ఏజెంట్‌ని కాదు, మీ ప్రిన్సిపల్ గారిని అడగండి. ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే లెక్క. ఇంకోటి, అక్కడ డేటా సేకరిస్తామంటే పర్మిషన్ ఎవరి పేరున ఉంది? ఇండోనేషియాలో విదేశీయులు పరిశోధన చేయాలంటే బ్రిన్ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి తీసుకోవాలి. దీనికి తడబడే ఏజెంట్‌తో మాట్లాడటం అనవసరం.

అగ్రికల్చర్ స్టూడెంట్స్‌కి ఇంకో దారి ఉంది. ఫిలిప్పీన్స్‌లోని లాస్ బానోస్‌లో 1960 నుంచీ అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉంది, ఇర్రి అంటారు. చాలా ఏళ్లుగా వరి మీద షార్ట్ కోర్సులు నడుపుతోంది. దానికీ మనకీ బంధుత్వం ఉందండోయ్. మారుటేరులో పుట్టిన మన స్వర్ణ వరిలోకి, ఒడిశా పాత రకం నుంచి మునకను తట్టుకునే జన్యువును అక్కడే ఎక్కించారు. అలా వచ్చిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా నీళ్లలో మునిగినా తట్టుకుంటుంది. తుఫానుకి చేను మునగడం అంటే ఏంటో డెల్టాలో పుట్టినోళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పిల్లలు అక్కడికెళ్తే అడిగే ప్రశ్నలే వేరేగా ఉంటాయి. ఇలాంటి చోటికైతే నాన్నతో నేను కూడా మాట్లాడతా.

హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది, 1972లో పెట్టారు. మెట్ట పంటల మీద పనిచేస్తుంది, వేరే దేశాల నుంచి స్టూడెంట్స్ అక్కడికి వస్తుంటారు. మనకి పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదు.

ఇంకా దగ్గరగా చెప్పనా? ఉయ్యూరులో బస్సెక్కితే పామర్రు, చల్లపల్లి దాటి అవనిగడ్డ, అక్కడి నుంచి నాగాయలంక. ఆ పైన కృష్ణా అభయారణ్యం, మడ అడవులు. చేపలు పట్టి తినే బావురుపిల్లి అక్కడుంది. ఇంకో వైపు కొల్లేరు, 2002 నుంచి రామ్‌సర్ సైట్. ఆటపాకలో గూడబాతులు. అడవిలోకి వెళ్లాలంటే ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ పర్మిషన్ కావాలి. మీ లెక్చరర్ చేత కాలేజీ లెటర్‌హెడ్ మీద అడిగించండి.

మన ఏపీలో 2020-21 బ్యాచ్ నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు కదా. ఫస్టియర్ తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్. దాన్ని జిరాక్స్ షాపులో రిపోర్ట్ కొని ముగించకండి. మీ ఊరి కాలువ తీసుకోండి. గుర్రపుడెక్క ఎక్కడ ఎక్కువుంది, అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయి, ఎన్ని రకాల పక్షులు వస్తున్నాయి, వారానికి రెండు రోజులు రాసుకోండి. రెండు నెలల నోట్‌బుక్, ఒక గ్రాఫ్, మీ సారు సంతకం. రేపు స్కాలర్‌షిప్ ఉన్న మంచి ఫీల్డ్ కోర్సుకి అప్లై చేస్తే "ఇంతకుముందు ఏం చేశావ్" అని అడుగుతారు. అప్పుడు చూపించడానికి ఇది ఉంటుంది.

ఆ అమ్మాయికి కూడా ఇదే పంపాను. వాళ్ల ఊరి కాలువ దగ్గర మొదలుపెడతానంది. మీ దగ్గర కూడా ఇలాంటి బ్రోచర్ ఏదైనా ఉంటే ఏజెంట్ పేరు, ఫోన్ నంబర్ కొట్టేసి, రోజువారీ షెడ్యూల్ పేజీ మాత్రం పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో నాలుగైదు తీసుకుని, ఫీల్డ్‌లో ఎన్ని గంటలు, బస్సులో ఎన్ని గంటలు అని లైన్ బై లైన్ లెక్కపెడదాం.