పేడకు కిలో రెండు రూపాయలు, మరి దీనికి?

(భిలాయ్‌లో మన బ్యాంకు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఏం మాట్లాడతావని అడిగితే చెప్పాను. మా ఇంట్లోనే నవ్వారు. "పర్యావరణం అంటే చెట్ల గురించి చెప్పు, నదుల గురించి చెప్పు. కుక్క మలం గురించి ఎవరు వింటారు?" అన్నారు. వినాల్సినవాళ్లు ఇక్కడే ఉన్నారని నా నమ్మకం. ఈ హాల్లో కుక్కను ప్రాణంగా పెంచుకునేవాళ్లున్నారు. పొద్దున్నే నడకకు వెళ్లి, గేటు దగ్గర చెప్పులు కడుక్కుని లోపలికొచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి కాస్త కోపం ఉంది. జీవశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఇద్దరికీ పనికొచ్చే నాలుగు మాటలు చెప్పగలననుకుంటున్నాను.

"మట్టిలోదే కదా, మట్టిలో కలిసిపోతుంది. చెట్టుకు ఎరువు కూడా!" అని చాలామంది అంటుంటారు. ఆవు పేడను చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ మన భాష ఏమంటోందో చూడండి. ఆవుది పేడ, గుర్రానిది లద్ది, మేకది పెంటిక, పక్షిది రెట్ట. రైతు పొలంలో డబ్బిచ్చి మరీ గొర్రెల మంద కట్టించుకుంటాడు. కుక్కల మంద కట్టించుకున్న రైతును మీరెవరైనా చూశారా? వేల ఏళ్లుగా కుక్కతో కలిసి బతికినవాడు దాన్ని కాపలాకు పెట్టుకున్నాడు, వేటకు తీసుకెళ్లాడు, అన్నం పెట్టాడు. దాని మలాన్ని మాత్రం చేనుకు వేయలేదు.

మన ఛత్తీస్‌గఢ్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2020 జూలై 20న, హరేలీ పండుగ రోజున, రాష్ట్ర ప్రభుత్వం గోధన్ న్యాయ్ యోజన మొదలుపెట్టింది. పశువులున్నవాళ్ల దగ్గర కిలో రెండు రూపాయలకు పేడ కొని, గౌఠాన్లలో మహిళా సంఘాల చేత వర్మీకంపోస్టు చేయించారు. పేడ అమ్మిన డబ్బు బ్యాంకు ఖాతాల్లోనే పడేది. కుక్క మలానికి మాత్రం ఎవరూ ధర కట్టలేదు. ఎందుకో చూద్దాం.

ఆవు తినేది గడ్డి. అరగకుండా మిగిలేది చాలావరకు పీచు. దాన్ని వానపాములు ఇష్టంగా తింటాయి. అయినా పచ్చి పేడను నేరుగా కూరమళ్లలో వేయం, చివకనిచ్చి వేస్తాం. కుక్క తినేది మాంసం, గుడ్లు, పాలు, కొనుక్కొచ్చిన పెల్లెట్లు. కాబట్టి దాని మలంలో నత్రజని, భాస్వరం ఎక్కువ. తాజాగా పడితే మొక్కకు బలమివ్వడం అటుంచి, గడ్డి మాడి పసుపురంగు మచ్చలు పడతాయి. ఇక సూక్ష్మజీవుల సంగతి. ఒక్క గ్రాములో దాదాపు 2 కోట్ల 30 లక్షల కోలిఫాం బాక్టీరియా ఉంటాయని అమెరికా పర్యావరణ శాఖ పత్రాల్లో రాసుకుంటారు. కుక్కను మనింటి మనిషే అంటాం. పేగుల్లో బతికే పురుగుల విషయంలో కూడా అది మనకు దగ్గరి చుట్టమే.

ఆ పురుగుల్లో రెండింటి గురించి ప్రతి తల్లికీ తెలియాలి.

మొదటిది టాక్సోకారా అనే ఏలికపాము. తల్లి కడుపులో ఉండగానే కుక్కపిల్లకు సోకుతుంది. అందుకే బొద్దుగా, ముద్దుగా ఉన్న పిల్లలోనూ ఉండవచ్చు. దాని గుడ్లు మలంతో బయటికొచ్చి మట్టిలో ఏళ్ల తరబడి బతకగలవు. ఆ మట్టిలో ఆడుకున్న పిల్లవాడు చెయ్యి నోట్లో పెట్టుకుంటే గుడ్లు కడుపులోకి చేరతాయి. మనిషి ఒంట్లో ఆ పురుగు పెద్దది కాలేదు. దారి తప్పినట్టు కాలేయంలోకి, ఊపిరితిత్తుల్లోకి, ఒక్కోసారి కంట్లోకి వెళుతుంది. కంట్లోకి వెళితే చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది.

రెండోది కొంకిపురుగు. దీని పిల్లపురుగులు తడి మట్టిలో కాచుకుని ఉండి, చెప్పులు లేని కాలి చర్మంలోంచి లోపలికి దూరతాయి. చర్మం మీద వంకరటింకరగా ఎర్రని గీత పాకుతుంది. విపరీతమైన దురద.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇప్పుడు చెప్పే మాట కోసమే ఇదంతా చెప్పాను. టాక్సోకారా గుడ్డు బయటపడిన రోజున ఎవరికీ సోకదు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉన్నాకే దానికి ఆ శక్తి వస్తుంది. కొంకిపురుగు గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతుంది, పిల్లపురుగు చర్మంలో దూరే స్థితికి రావడానికి వారం దాకా పడుతుంది. అంటే ఈ రోజు పడ్డదాన్ని ఈ రోజే ఎత్తేస్తే ఈ రెండు పురుగుల దారీ అక్కడే తెగిపోతుంది. మనం బ్యాంకు కుటుంబాలవాళ్లం, బాకీని నెలలపాటు వదిలేస్తే వడ్డీ ఎలా పెరుగుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇదీ అంతే. మొదటి రోజు ఇది చెత్త మాత్రమే, నెల తిరిగేసరికి జబ్బు.

లెక్కల మాట వచ్చింది కాబట్టి చిన్న లెక్క వేద్దాం. మధ్యరకం కుక్క రోజుకు సుమారు 300 గ్రాముల మలం వేస్తుందనుకోండి. ఏడాదికి దాదాపు 110 కిలోలు. మన కాలనీలో యాభై పెంపుడు కుక్కలుంటే ఏడాదికి అయిదున్నర టన్నులు. ఒక ట్రక్కు నిండా వచ్చేదాన్ని రోజుకింత చొప్పున రోడ్డు పక్కన, పార్కులో, పక్కింటి గేటు ముందు పెడుతున్నామన్నమాట.

అది ఎక్కడికి పోతుంది? ఎండాకాలంలో ఎండి, పొడై కాళ్లకింద నలుగుతుంది. జూన్ మధ్యలో వాన మొదలైతే రోడ్ల మీదిదంతా కాలవల్లో పడుతుంది. మన కాలవల నీళ్లు ఏ దారిన పోయినా చివరికి చేరేది శివనాథ్ నదికే. శివనాథ్ మహానదిలో కలుస్తుంది, మహానది హీరాకుడ్ మీదుగా బంగాళాఖాతానికి పోతుంది. దారిలో ఎన్ని ఊళ్లు ఆ నీళ్లు వాడుకుంటాయో ఆలోచించండి. నత్రజని, భాస్వరం చెరువుల్లో చేరితే నాచు, గుర్రపుడెక్క దట్టంగా పెరుగుతాయి. అవి కుళ్లినప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. దీనికి కుక్కలే కారణమని నేననను. ఇళ్ల మురుగు, పొలాల ఎరువులు ఇంకా పెద్ద కారణాలు. కానీ మన చేతిలో ఉన్న వాటా ఇది.

ఆ వాటా ఎంతుంటుందో బెల్జియంలో లెక్కగట్టారు. ఘెంట్ నగరం పక్కన అడవుల్లో షికారుకు వచ్చే కుక్కల వల్ల హెక్టారుకు ఏడాదికి 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం నేలలో చేరుతున్నాయని 2022లో ప్రకటించారు. అక్కడి శాస్త్రవేత్తలే ఇంకో మాట కూడా చెప్పారు. యజమానులు మలం ఎత్తేస్తే ఆ భాస్వరం దాదాపు అంతా పోతుంది.

"అదంతా విదేశాల్లో, మనవాళ్లు మారతారా?" అంటారు. న్యూయార్క్ వాళ్లు కూడా పుట్టుకతో ఎత్తలేదు. అక్కడ కుక్క మలం యజమానే ఎత్తాలన్న చట్టం అమలులోకి వచ్చింది 1978 ఆగస్టులో. మన తెలుగునాట చూస్తే, హైదరాబాద్ కొండాపూర్‌లో ఒకప్పుడు చెత్త పోసిన స్థలాన్ని నగరపాలక సంస్థ 2018లో కుక్కల పార్కుగా మార్చింది. కుక్కకూ ఊళ్లో చోటుందని ఒప్పుకున్నట్టే కదా! ఆ చోటును శుభ్రంగా ఉంచే పని యజమానిది.

"వీధికుక్కల సంగతేమిటి మరి?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వీధికుక్కకు యజమాని లేడు. దాని బాధ్యత నగరపాలక సంస్థతో కలిసి అందరం పంచుకోవాలి. మన కుక్కకు పేరుంది, బెల్టుంది, చిరునామా ఉంది. పక్కవాడు బాకీ ఎగ్గొట్టాడని మనం కిస్తీ మానేస్తామా?

ఇక ఏం చేయాలో చెబుతాను.

కుక్కను బయటికి తీసుకెళ్లేటప్పుడు రెండు పాత న్యూస్‌పేపర్లు జేబులో పెట్టుకోండి. కుక్క కూర్చునే తీరు మీకు తెలుస్తుంది కదా, అప్పుడే కింద ఒక కాగితం పరిచేయొచ్చు. లేదంటే చేతికి కాగితం మడిచి ఎత్తి, రెండోదాంట్లో పొట్లం కట్టండి. పలుచని ప్లాస్టిక్ సంచులు వద్దు. 120 మైక్రాన్ల కన్నా పలుచని క్యారీ బ్యాగులపై 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం ఉంది. పైగా ఎప్పటికైనా మట్టయ్యేదాన్ని ప్లాస్టిక్‌లో కట్టి కాలవలో విసిరితే ఒక తప్పు రెండవుతుంది.

ఇంటికి తెచ్చాక మూడు దారులున్నాయి. ఒకటి, కాగితం తీసేసి మలాన్ని మాత్రం మరుగుదొడ్డిలో వేసి నీళ్లు పోయడం. రెండు, పెరడు ఉంటే ఒక మూల ఒకటిన్నర అడుగుల గుంత తవ్వి, వేసినప్పుడల్లా మట్టి కప్పడం. బోరు, బావి, కూరమళ్లు దానికి దూరంగా ఉండాలి. వానాకాలంలో నీళ్లు నిలిచే చోటు పనికిరాదు. మూడు, పొట్లాన్ని మరో కాగితంలో చుట్టి, పిల్లల డైపర్లలాగే విడిగా, చెప్పి మరీ చెత్తబండికి ఇవ్వడం.

తడి చెత్త బుట్టలో మాత్రం కలపకండి. మన రాష్ట్రంలోనే అంబికాపూర్‌లో ఇంటింటి చెత్తను మహిళలు చేతులతో వేరుచేసి ఊరిని శుభ్రంగా నిలబెట్టారు. కూరగాయల తొక్కుల్లో చెయ్యి పెట్టే ఆడమనిషికి మనం ఏం అందిస్తున్నామో ఒక్కసారి ఊహించుకోండి. పార్కు ఊడ్చేవాళ్లకైనా అంతే. ఆమె చీపురుకు అంటింది ఇంటికి వెళ్లేదాకా వదలదు. మన కుక్క మనకు ముద్దు, ఆమెకు దానితో ఏం సంబంధం?

ఇంట్లో కంపోస్టు చేసుకోవచ్చా అని అడుగుతారు. అలాస్కాలో బండ్లు లాగే కుక్కల యజమానులు రెండు పాళ్ల మలానికి ఒక పాలు రంపపు పొట్టు కలిపి చేసి చూశారు. కుప్ప లోపల వేడి 63 డిగ్రీలకు చేరాలి. మన బకెట్ కంపోస్టు అంత వేడెక్కదు. అంత చేసినా, ఆ ఎరువు తినే పంటలకు వేయొద్దనే వాళ్లు చెప్పారు. కాబట్టి మీ గోంగూర మడికి, కొత్తిమీర తొట్టికి దీన్ని దూరంగా ఉంచండి.

పురుగుల మందు మరవకండి. కుక్కపిల్లకు రెండు వారాల వయసు నుంచే మొదలుపెట్టాలి. పెద్ద కుక్కకు ఎన్ని నెలలకొకసారో డాక్టరు చెబుతారు. దుర్గ్ దగ్గర అంజోరాలో పశువైద్య కళాశాలే ఉంది, మనకు సలహాకు కొదవ లేదు. కుక్కను తిప్పే పని పనివాళ్లకు అప్పగిస్తే, కాగితాలు వాళ్ల చేతికివ్వండి, అదనపు పనికి అదనంగా ఇవ్వండి. పిల్లలు మట్టిలో ఆడి వస్తే సబ్బుతో చేతులు కడిగించండి.

కుక్కలు లేనివాళ్లకూ ఒక మాట. కాలనీలో కుక్కలే వద్దని తీర్మానాలు చేయకండి. అలా నిషేధించే అధికారం కాలనీ సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. శుభ్రం చేయమని యజమానులకూ ఆ మార్గదర్శకాల్లోనే సలహా ఇచ్చింది. మన రాజ్యాంగంలో ప్రాథమిక విధుల కింద 51ఎ అధికరణంలో ఒక క్లాజు ఉంది. అడవులను, చెరువులను, నదులను కాపాడాలన్నదీ, ప్రాణుల మీద దయ చూపాలన్నదీ అందులో ఒకే వాక్యంలో ఉన్నాయి. కుక్కకు అన్నం పెట్టే చెయ్యే దాని మలం కూడా ఎత్తితే ఆ వాక్యం పూర్తిగా పాటించినట్టు.

వచ్చే వానలు పడేలోపు ఒక పని చేద్దాం. కుక్కలున్న ప్రతి ఇంటి గేటు లోపల పాత కాగితాల కట్ట ఒకటి వేలాడదీద్దాం. బెల్టు తీసే చెయ్యి కాగితం కూడా తీస్తుంది. కుక్కలు లేనివాళ్లు తమ పాత న్యూస్‌పేపర్లు వాళ్లకిద్దురు గాని. ఎత్తేవాళ్లు కనబడితే ఒక నమస్కారం పెట్టండి. కోపంతో సాధించలేకపోయింది ఆ నమస్కారంతో అవుతుంది.