కూర్చున్న పని - కుంటుపడే నడక



పొద్దుటి నుంచి కూర్చుని చేసిన పని ముగించి లేచినప్పుడు మీ మొదటి నాలుగడుగులు ఎలా పడుతున్నాయో ఎప్పుడైనా గమనించారా? నడుం పట్టుకుని, ముందుకు వంగి, గోడ ఊతం చేసుకుని నడుస్తున్నారా? పదడుగులు వేస్తే గాని నిటారు కాలేకపోతున్నారా? అయితే ఈ మాటలు మీకోసమే.

షోలాపూర్ తెలుగు ఇళ్లనే తీసుకుందాం. తరాల క్రితం తెలంగాణ ప్రాంతం నుంచి పని వెతుక్కుంటూ వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో చాలామంది ఆడవాళ్లకు బీడీల పనే ఆధారం. మఠం వేసుకుని, చేట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, చుట్టి, దారం కట్టడం. కూలి వెయ్యి బీడీల లెక్కన. లేస్తే లెక్క తగ్గుతుంది. అందుకే కాలు తిమ్మిరెక్కినా లేవరు. కుట్టుమిషను ముందు కూర్చునే దర్జీకీ, గల్లాపెట్టె దగ్గర కూర్చునే షావుకారుకీ ఇదే బాధ.

ఇది కొత్త కష్టం కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లో పనివాళ్ల జబ్బుల గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. దర్జీలు, చెప్పులు కుట్టేవారు వంగిపోయి, కుంటుతూ, అటూ ఇటూ ఊగుతూ నడుస్తారని అందులో వర్ణించాడు. కనీసం సెలవు రోజునైనా ఒళ్లు కదిలించమని వాళ్లకు సలహా చెప్పాడు.

ఎందుకిలా అవుతుంది? నడుము దగ్గరి వెన్నుపూసల నుంచి బయలుదేరి, తుంటి ముందుగా దిగి, తొడ ఎముకకు అతుక్కునే కండరం ఒకటుంది. కూర్చున్నంతసేపూ అది ముడుచుకునే ఉంటుంది. నడిచేటప్పుడు ఒక కాలు ఒంటికి వెనక్కి సాగాలి కదా! బిగిసిన కండరం సాగనివ్వదు. అడుగు పొట్టిదవుతుంది, నడుం మీద భారం పడుతుంది. పిక్కలు కదలకపోతే కాళ్లలోని రక్తం పైకి వెళ్లడం మందగించి పాదాలు వాయవచ్చు. మఠం వేసుకున్నప్పుడు మోకాలి కింద బయటివైపునున్న నరం నొక్కుకుంటే పాదం మొద్దుబారుతుంది.

మరి పని మానుకోమంటామా? మానితే పొయ్యి వెలగదు. అరగంటకొకసారి ఒక్క నిమిషం లేచి నాలుగడుగులు వేయండి. ఎనిమిది గంటల్లో అది పదహారు నిమిషాలు. వెయ్యి చుట్టే చేతికి ముప్ఫై మూడు బీడీలు తగ్గుతాయి. నెలకు అది ఒకరోజు కూలి. నిజమే, నష్టమే. కాని నడుం పట్టేసి రెండు రోజులు మంచాన పడితే పోయేది అంతకు రెట్టింపు.

ఇక పని ముగిశాక మూడు పనులు చేయండి. ఒకటి: గోడకు రెండు చేతులు ఆనించి, ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టండి. వెనక మడమ నేలకు ఆనించే ఉంచి ముందు మోకాలు వంచండి. పిక్క సాగుతుంది. రెండు: అలాగే నిలబడి, వెనక మడమ లేపి, నడుం వెనక్కి వంచకుండా తుంటిని ముందుకు నెట్టండి. తొడ మొదట్లో సాగుతుంది. మూడు: చిన్న పీట మీద మడమ పెట్టి, మోకాలు చాచి, వీపు వంచకుండా ముందుకు వాలండి. తొడ వెనక సాగుతుంది.

ఒక్కొక్కటి ముప్ఫై సెకన్లు, రెండేసి సార్లు, రెండు కాళ్లకూ చేయండి. లాగినట్టుండాలి గాని నొప్పి పుట్టకూడదు. కుదుపులు వద్దు, ఊపిరి బిగపట్టవద్దు. ఇలా సాగదీస్తే బిగువు సడలుతుంది. సాగదీయడం ఒక్కటే బలం ఇవ్వదు. అందుకని సాయంత్రం కాసేపు నడవండి.

ఒక హెచ్చరిక. తిమ్మిరి ఎంతసేపటికీ వదలకపోయినా, నడిచేటప్పుడు పాదం ముందుభాగం పైకి లేవకపోయినా, ఒక్క కాలి పిక్కే వాచి నొప్పెట్టినా సాగదీస్తూ కూర్చోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇంతసేపూ కూర్చునే విన్నారు కదా! ఇక ఒకసారి లేచి నిలబడండి.